రోమా 12:2 లోని ‘లోక మర్యాద’ ఏ మర్యాద?

విజయనగరం నుంచి ఒక చెల్లెమ్మ అడిగారు: “‘మీరు ఈ లోక మర్యాదను అనుసరింపక’ అనే వాక్యం చూపించి, పైడితల్లమ్మ సిరిమాను జాతరకి పక్కింటివాళ్లు భోజనానికి పిలిస్తే వెళ్లకూడదంటున్నారు. ఇక్కడ మర్యాద అంటే ఏమిటండీ?”

అమ్మా, మర్యాదకి సంస్కృతంలో అర్థం హద్దు, గట్టు. తెలుగులో పద్ధతి, ఆచారం, గౌరవం, అతిథి సత్కారం కూడా అందులో చేరాయి. “వియ్యాలవారికి మర్యాదలు బాగా జరిగాయా” అని మనం అడిగేది ఆ చివరి అర్థంలో. బైబిల్లో వాడింది పద్ధతి అనే అర్థంలో. మూలమైన గ్రీకులో ‘లోకం’ ఉన్నచోట ఉన్న మాట ‘అయోన్’, అంటే యుగం, కాలం. ఈ కాలం పోసే అచ్చులో ఒదిగిపోవద్దని ఈ పత్రిక రాసిన పౌలు మాట.

అదే అధ్యాయం కిందికి చదవండి. పదో వచనంలో ఒకరినొకరు ఘనపరచుకోమన్నాడు, పదమూడులో ఆతిథ్యం ఇమ్మన్నాడు. పదిహేనులో “సంతోషించు వారితో సంతోషించుడి, ఏడ్చువారితో ఏడువుడి” అన్నాడు. పెద్దలొస్తే లేచి నిలబడటం, పక్కింట్లో చావైతే వెళ్లి కూర్చోవడం పౌలు వద్దన్నవి కావు, చేయమన్నవే. భోజనం సంగతి 1 కొరింథీ పదో అధ్యాయంలో ఉంది: పిలిస్తే వెళ్లు, వడ్డించింది తిను, ఆరాలు తీయకు, ఇది నైవేద్యం అని ఎవరైనా చెబితే మాత్రం తినకు. కాబట్టి వెళ్లండమ్మా. నైవేద్యం పెడితే నెమ్మదిగా వద్దని చెప్పండి, వాళ్లు నొచ్చుకోరు.

అసలు లోక మర్యాద మన ఇళ్లలోనే ఉంది. పెళ్లిమాటలకి కూర్చుంటారు, ముందు ప్రార్థన చేస్తారు. ఆమెన్ అనగానే అదే చాప మీద కాగితం తీసి బంగారం ఎన్ని తులాలు, బండి ఏది అని రాస్తారు. కట్నం 1961 నుంచి చట్టరీత్యా నేరం. అడిగితే “అందరూ తీసుకుంటున్నారు కదా” అంటారు. కులం చూసుకున్నాకే వాక్యం చూసుకునే కుటుంబాలూ తక్కువేం కాదు. పౌలు వద్దన్న ఒదిగిపోవడం అచ్చంగా ఇదే. పొద్దున్నే స్టేటస్‌లో వచనం పెట్టి, సాయంత్రం అప్పుచేసి డ్రోన్ షూట్‌కి అడ్వాన్సు కట్టడం కూడా నాకు ఇందులో భాగంగానే కనబడుతుంది.

కింద ఒకరి వ్యాఖ్య: “మాస్టారూ, అదే వచనంలో ‘రూపాంతరము పొందుడి’ అంటే ఒక్కసారి మారిపోవడమేనా?”

కాదండీ. గ్రీకు క్రియ ‘మారుతూ ఉండండి’ అనే రూపంలో ఉంది. అందులో మనల్ని మార్చేది దేవుడు. ‘పొందు’ అనడంలో ఆ సంగతి బాగా అందింది. రోజూ జరగాలన్నది మాత్రం ‘పొందుడి’లో వినబడదు. మత్తయి 17:2లో కొండమీద యేసు రూపాంతరానికి వాడిన క్రియ కూడా ఇదే.

సండేస్కూలు పిల్లలకి నేనైతే ఇలా చెబుతాను: “ఈ కాలం పోకడకి కొట్టుకుపోకండి. దేవుడు మీ మనసు మారుస్తుంటే రోజురోజుకీ కొత్తవాళ్లవండి.” పాలకొండ, టెక్కలి వైపు ‘పోకడ’కి ఇంకా దగ్గరి మాట ఉంటే రాయండి.