ఉత్తరంలో "సిస్టర్" అంటే అక్కా, వదినా, పిన్నా?

ప్రశ్న:
ఉత్తరాల రూపంలో ఒక కథ రాస్తున్నాను. కాలం 1820 తర్వాత. కెనడాలో మోహాక్ అనే ఆదివాసీ జాతి నాయకుడు జోసెఫ్ బ్రాంట్ కూతురు ఎలిజబెత్, ఇంగ్లండ్‌లో ఉన్న ఎలిజబెత్ సిమ్‌కోకి రాసే ఉత్తరాలు. ఈ సిమ్‌కో గారి భర్త అప్పర్ కెనడాకి (ఇప్పటి ఒంటారియో ప్రాంతం) మొదటి లెఫ్టినెంట్ గవర్నర్, 1806లో పోయాడు. ఉత్తరాలు నా ఊహే. ఆ కాలపు సభల్లో ఆదివాసులూ బ్రిటిష్ వాళ్లూ "బ్రదర్" అని పిలుచుకునేవారు కదా, నేను వీళ్ల చేత "సిస్టర్" అనిపించాను. తెలుగులో "సోదరీ" అంటే సభలో ఉపన్యాసంలా ఉంది. "వదినా" అంటే బాగుంటుందా?

జవాబు:
"వదినా" మాత్రం వద్దండి. కారణం చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1871లో బంధుత్వ పదాల మీద పెద్ద పుస్తకం వేశాడు. మోహాక్‌లకు సోదర జాతి అయిన సెనెకాల వరసలనీ, మన దక్షిణాది భాషల వరసలనీ పక్కపక్కన పెట్టి చూసి ఆశ్చర్యపోయాడు. ఆ పట్టికల్లో తెలుగూ ఉంది. రెండు చోట్లా తండ్రి అన్నదమ్ములు తండ్రులే, తల్లి అక్కచెల్లెళ్లు తల్లులే. వాళ్ల పిల్లలు మనకి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. మేనమామ, మేనత్తల పిల్లలది వేరే వరస. ఇంగ్లిష్ వాళ్లు అందరినీ కలిపి "కజిన్" అని ఊరుకుంటారు. ఈ పోలిక చూసి అమెరికా ఆదివాసులు ఆసియా నుంచే వచ్చారనడానికి ఇదే రుజువు అనుకున్నాడు మోర్గాన్. అది నిలబడలేదు కానీ పోలిక నిజం.

తేడా ఎక్కడంటే మేనరికంలో. మనకి మేనమామ కూతురు మరదలు, పెళ్లి చేసుకోదగ్గ వరస. వాళ్లకి ఆ ఆచారం లేదు. "వదినా" అన్నామంటే ఆ వియ్యం వాసన వచ్చేస్తుంది, మోహాక్ అమ్మాయి నోట అది పొసగదు. వాళ్ల భాషలో పెద్ద, చిన్న తేడా మాత్రం కచ్చితంగా ఉంటుంది, మనలాగే. కాబట్టి అక్కా, చెల్లీ అయితే ఫర్వాలేదు.

మరొకరి జవాబు:
మేష్టారూ, అక్క కూడా కుదరదేమో చూడండి. సిమ్‌కో గారి భార్య పుట్టింది 1762లో. బ్రాంట్ కూతురు పుట్టింది 1790లలో. ఈవిడకి ఆవిడ తల్లి వయసు. బ్రాంట్ పుట్టింది 1743లో, సిమ్‌కో 1752లో. బ్రాంట్ ఆయన్ని "బ్రదర్" అన్నాడనుకుంటే తమ్ముడవుతాడు. నాన్న తమ్ముడు బాబాయి, ఆయన భార్య పిన్ని. "పిన్నీ" అని పెట్టండి!

మొదటి జవాబు రాసినవారు:
లెక్క బాగా కట్టారు, నాకు తట్టలేదు. ఒక్క సంగతి. రాజకీయ బంధుత్వానికి వయసు కొలత కాదు. మోహాక్‌లు చేరిన ఆదివాసీ జాతుల కూటమిలో మోహాక్, ఒనొండాగా, సెనెకా జాతులు అన్నలు. ఒనైడా, కయూగా తమ్ముళ్లు. అది హోదా. అయినా ఇది ఇద్దరు ఆడవాళ్ల ఉత్తరం కాబట్టి పిన్నీ అనే నా ఓటు.

ఇంకొకరి జవాబు:
"నాయకుడి కూతురు" అన్న మాట గురించి కూడా ఆలోచించండి. అక్కడ వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. ఎలిజబెత్‌కి గౌరవం తండ్రి వల్ల కంటే తల్లి క్యాథరీన్ వల్లే. ఆవిడ తాబేలు వంశానికి పెద్ద. టెకారిహోగెన్ అనే నాయక పదవికి ఎవరుండాలో చెప్పే హక్కు ఆవిడది. 1830లో కొడుకు జాన్‌ని ఎంచుకుంది. 1832లో అతను కలరాతో పోతే ఎలిజబెత్ కొడుకుని, పసివాణ్ణి, ఎంచుకుంది. పదవి కూతురి దారిన నడిచింది. ఉత్తరాల్లో తండ్రి పేరు గొప్పగా చెప్పేది ఇంగ్లిష్ ఆవిడే అయి ఉండాలి. ఈ పిల్ల తన తల్లి పేరు చెప్పుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషం. "పిన్నీ" ఖాయం చేశాను. తండ్రి గురించి రాసిన పేరాలన్నీ మళ్లీ రాయాలి. ఇంకొకటి, "అవర్ ల్యాండ్" అని వచ్చే చోట?

మొదటి జవాబు రాసినవారు:
అక్కడే జాగ్రత్త కావాలి. మనం, మేము తేడా ఇంగ్లిష్‌లో లేదు. మోహాక్ భాషలో చాలా క్రియారూపాల్లో ఉంది, తెలుగులో ఎటూ ఉంది. గ్రాండ్ నదికి ఇరువైపులా ఆరేసి మైళ్ల భూమిని 1784లో గవర్నర్ హాల్డిమండ్ వాళ్లకి ఇచ్చాడు. దాన్ని ఇష్టం వచ్చినట్టు అమ్ముకునే హక్కు తమకుందని బ్రాంట్ వాదన. సిమ్‌కో 1793లో ఇచ్చిన పత్రం ఆ హక్కుకి అడ్డం పడింది. బ్రాంట్ దాన్ని ఒప్పుకోలేదు. అంటే పిన్ని భర్తకీ, ఈ అమ్మాయి తండ్రికీ గొడవ పడ్డ భూమి అది. అమ్మాయి ఉత్తరంలో "మా భూమి" అనే రాయండి. సిమ్‌కో భార్య జవాబులో "మీ భూమి" అనాలా, "మీకిచ్చిన భూమి" అనాలా అన్నది మీరు తేల్చుకోవాలి. నేనైతే మొదటి ఉత్తరాల్లో రెండోదే రాస్తాను.