సీవీ జాయింటులో "స్థిరం" ఎక్కడుంది?

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. సీవీ జాయింటు (ఇంగ్లీషులో కాన్‌స్టంట్ వెలాసిటీ జాయింటు), అంటే గేరుబాక్సు నుంచి చక్రానికి వెళ్ళే షాఫ్టు వంగినచోట కూడా తిప్పుడుని అందించే భాగం. దాని తెలుగు పేరు విషయంలో మీ సాయం కావాలి.

పోయిన నెల మా కారు ఎడమ పక్క యాక్సిల్ మీదుండే రబ్బరు బూటు (జాయింటు మీది తొడుగు) చిరిగింది. నేను చూసుకోలేదు. కొన్నాళ్ళకు స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే చాలు, చక్రం దగ్గర టకటకమని చప్పుడు. మెకానిక్ చూసి, "గ్రీజంతా బయటికి పోయి లోపలికి ఇసక చేరింది సార్, బయటి సీవీ (చక్రం వైపుది) అరిగిపోయింది, మార్చాల్సిందే" అన్నాడు. కొత్త జాయింటు వచ్చిన డబ్బాలో చాలా భాషల్లో అచ్చేసిన కాగితం ఒకటుంది. అందులో తెలుగు కనబడగానే సంతోషంగా చదవబోయాను. "స్థిర వేగం ఉమ్మడి" అని ఉంది. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి ఆస్తి అంటామే, ఆ ఉమ్మడి.

నాకు నిజంగా బాధ కలిగింది. "ఉమ్మడి" తప్పని అందరికీ తెలుస్తుంది, కీలు అనే చక్కని మాట మనకుంది. కానీ ఆ ముందున్న "స్థిర వేగం" కూడా అంతే తప్పని నా అనుమానం. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఇంగ్లీషు మాటకి మాట సరిపోయినట్టు కనిపిస్తుంది.

కారు వేగం పెరుగుతుంది, తగ్గుతుంది, సిగ్నల్ దగ్గర సున్నా అవుతుంది. కీలు కూడా దానితోపాటే. మరి స్థిరంగా ఉండేదేమిటి? గేరుబాక్సు వైపు షాఫ్టు ఏ క్షణంలో ఎంత వేగంగా తిరుగుతోందో, మధ్యలో ఎంత వంపు ఉన్నా, చక్రం వైపు షాఫ్టు కూడా అదే క్షణంలో అంతే వేగంగా తిరుగుతుంది. ఆ పొత్తు ఒక్కటే మారదు.

ఇది ఎందుకంత గొప్ప సంగతో తెలియాలంటే పాతకాలపు క్రాస్ జాయింటు (రెండు షాఫ్టుల్ని శిలువ ఆకారపు ముక్కతో కలిపేది) చూడాలి. అంబాసిడర్ కింద, లారీల కింద గేరుబాక్సు నుంచి వెనక చక్రాల వైపు వెళ్ళే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు చివర ఉండేది. 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ దీని తీరు వివరించాడు. అంతకుముందు శతాబ్దంలోని ఇటలీవాడు కార్డానో పేరు కూడా దానికి అంటుకుంది. షాఫ్టులు రెండూ తిన్నగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. 30 డిగ్రీలు వంచామనుకోండి. ఇటు షాఫ్టుని నిమిషానికి 600 చుట్ల చొప్పున నిలకడగా తిప్పినా, అటుది ఒక్కో చుట్టులో రెండుసార్లు 693కి ఎగిరి, రెండుసార్లు 520కి పడిపోతుంది. సగటు 600 చుట్లే వస్తుంది గానీ నడక కుంటి నడక. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు చక్రాల దగ్గర వంపు 40 డిగ్రీలు కూడా దాటవచ్చు. అక్కడ ఒంటి క్రాస్ పెడితే ఆ అదురంతా డ్రైవరు చేతుల్లోకి వస్తుంది.

అందుకని "సమవేగ కీలు" అందామని నా ప్రతిపాదన. తప్పులుంటే చెప్పండి.

విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక సభ్యుడు:
అన్నా, నేను మా నాన్న షెడ్డులో పెరిగినవాణ్ణి. అక్కడ కీలు అనే మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. లోపలి సీవీ, బయటి సీవీ, క్రాస్, బూటు, క్లిప్పు, అంతే. మారుతి 800 వచ్చింది 1983 చివర్లో. ఆ కారుతోపాటే ఈ సామానూ, ఈ పేర్లూ మా నాన్న తరంవాళ్ళ నోళ్ళలోకి వచ్చాయి. చదువు లేనివాళ్ళు కూడా సీవీ అంటే వెంటనే అందుకుంటారు. కొత్త మాట ఎవరి కోసం?

క్రాస్ గురించి మీరు చెప్పింది మాత్రం చేతికి తెలిసిన విషయం. లారీ షాఫ్టుకి రెండు చివర్లా రెండు క్రాసులుంటాయి. ఒకదాని కుంటిని రెండోది సరిచేస్తుంది. కానీ షాఫ్టు ఊడదీసి బిగించేటప్పుడు బాణం గుర్తులు కలపకుండా ఒక పన్ను పక్కకి ఎక్కించామా, బండి వణుకుతుంది. ఆ గుర్తులు కలపనందుకే నేను చిన్నప్పుడు నాన్న చేతిలో దెబ్బ తిన్నాను.

టపా రాసినవారు:
తమ్ముడూ, షెడ్డులో సీవీ అన్న మాట మార్చమని నేను అడగను. అది బతికున్న మాట. నా బాధ ఐటీఐలో తెలుగులో చదివే పిల్లల గురించి. సీవీ అనే రెండక్షరాల వెనక ఏముందో పుస్తకం తెలుగులో చెప్పాలి కదా. "స్థిర వేగం" అని చదివినవాడు ఈ కీలు కారుని ఒకే స్పీడులో ఉంచుతుందనుకుంటాడు. క్రూయిజ్ కంట్రోల్ లాంటిదేమో అని నన్ను ఒక కుర్రాడు అడిగాడు కూడా. తప్పు వాడిది కాదు.

భౌతికశాస్త్రం చెప్పే టీచరు:
మీ అనుమానం సరైనదే. కానీ మీ మందు కూడా అదే జబ్బు తెస్తుంది. పాఠ్యపుస్తకాల్లో "సమత్వరణం" అంటే కాలంతో మారని త్వరణం. అదే దారిలో "సమవేగం" అంటే కాలంతో మారని వేగం అని పిల్లలు చదువుతారు. ఈ కీలుకు ఆ పేరు పెడితే మళ్ళీ స్థిరవేగం దగ్గరికే చేరతాం. మనకి కావలసింది రెండు వస్తువుల మధ్య సమానత. ఒకే వస్తువు నిన్న, ఇవాళ ఒకలా ఉండటం వేరే సంగతి. "సమ" ఈ రెంటికీ పనిచేస్తుంది, అదే చిక్కు. పైగా ఇక్కడ వేగమంటే కోణీయ వేగం. మొదటిసారి వాడినచోట ఆ మాట పూర్తిగా రాయాలి.

కీలు ఆ సమానతను ఎలా సాధిస్తుందో కూడా చెబుతాను, పేరు వెతకడానికి పనికొస్తుంది. రెండు షాఫ్టుల మధ్య కోణాన్ని సగానికి కోసే ఒక తలాన్ని ఊహించుకోండి, క్లాసులో గీసే కోణ సమద్విఖండన రేఖ లాంటిదే. ఇటు నుంచి అటు బలాన్ని మోసుకెళ్ళే బిందువులు ఎప్పుడూ ఆ తలంలోనే ఉంటే, అద్దానికి ఇటుపక్క మనిషి, అటుపక్క బొమ్మ కదిలినట్టు రెండు షాఫ్టులూ కదులుతాయి. ఒకరు ముందు, ఒకరు వెనక అవడానికి వీలే లేదు.

జర్మనీ నుంచి ఒక సభ్యురాలు:
నేను ఇక్కడ గేరుబాక్సుల డిజైన్‌లో పనిచేస్తున్నాను. జర్మన్లు దీన్ని గ్లైష్‌లౌఫ్‌గెలెంక్ అంటారు. గ్లైష్ అంటే ఒకేలా, లౌఫ్ అంటే నడక, పరుగు. గెలెంక్ అంటే ఒంట్లో ఉండే కీలే, మోకాలి కీలుని క్నీగెలెంక్ అంటారు. ఫ్రెంచి మాట ఒమోసినేటిక్‌లో గ్రీకు "ఒకటే", "కదలిక" ఉన్నాయి. రెండు భాషల్లోనూ "స్థిరం" లేదు చూడండి. ఇంగ్లీషులో కూడా అసలు అర్థం వేగాల నిష్పత్తి మారకపోవడం, ఆ నిష్పత్తి అనే మాట పేరులోకి రాలేదు. మనం ఆ పేరునే అనువదించుకున్నాం.

ఆటోనగర్ అన్నగారికి ఒక మాట. ఫ్రాన్సులో మెకానిక్కులు ఇప్పటికీ ఈ కొత్త కీలున్న షాఫ్టుని కూడా "కార్దాఁ" అంటారు, అంటే పాత క్రాస్ పేరే. పుస్తకంలో ఒమోసినేటిక్, షెడ్డులో కార్దాఁ. రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి.

రిటైరైన తెలుగు మాస్టారు:
నాకు కారు గురించి తెలియదు. మాట గురించి చెప్పగలను. "కీలు" ఎంచుకోవడం బాగుంది. ఎవరైనా "సంధి" అంటారేమోనని భయపడ్డాను. ఒంట్లో కీళ్ళకి సంధులనే పేరున్నా, తెలుగువాడికి సంధి అనగానే రెండు కలిసి ఒకటైపోవడం గుర్తొస్తుంది. కీలు దగ్గర రెండూ రెండుగానే ఉంటాయి, వంగుతాయి, పని జరుగుతుంది. "కీలెరిగి వాత" అన్నప్పుడు కూడా సరైన చోటు తెలియడమే అర్థం.

టీచరమ్మ గారు చెప్పిన చిక్కుకి "సరి" ఒక దారి. సరిజోడు, సరితూగడం, సరిసాటి, వీటన్నిటిలో ఇద్దరు ఉండి తీరాలి. ఒంటరిగా ఎవరూ సరిజోడు కాలేరు. "సరివేగ కీలు" అనండి. "తుల్యవేగ" అని కూడా అనవచ్చు గానీ, సంస్కృతం బరువు ముందుపెట్టి చివర కీలు అంటే నా చెవికి అతకదు. సరివేగంలో తెలుగు ముందుంది, మిశ్రసమాసంగా చెల్లుతుంది.

భౌతికశాస్త్రం చెప్పే టీచరు:
మాస్టారూ, "సరి" దగ్గర నాకు అభ్యంతరం లేదు. సరి సంఖ్య, బేసి సంఖ్య అనేచోట ఉన్నా, వేగం పక్కన చేరితే ఎవరూ అలా పొరబడరు.

ఆటోనగర్ సభ్యుడు:
మాస్టారు గారి మాట నాన్నకి చదివి వినిపించాను. "సరిజోడు అంటే సరిజోడే, బాగుంది" అన్నారు. అయితే నాన్న ఇంకో మాట అడిగారు. సీవీ ఒక్కటే కాదు కదా, రకాలున్నాయి. వాటికేం పేర్లు? బయటిది గోళీలది. పంజరంలాంటి కేజ్‌లో ఆరు గోళీలు, లోపల ఒక ముక్క, బయట ఒక కప్పు, రెంటికీ గాడులు. లోపలిది మూడు రోలర్లది. బయటిది వంపు ఎక్కువ తీసుకుంటుంది, లోపలిది ముందుకీ వెనక్కీ జారుతుంది. చక్రం గుంటలో పడి లేచినప్పుడు షాఫ్టు పొడవు సర్దుకోవాలి కదా. ఒక గుర్తు కూడా చెబుతాను: మలుపులో టకటకమంటే బయటిది పోయినట్టు, బండి పికప్ అందుకునేటప్పుడు అదిరితే ముందు లోపలిది చూడాలి.

టపా రాసినవారు:
నాన్నగారు అడిగిన ప్రశ్నే నేను అడగాల్సింది. ప్రయత్నిస్తాను.

గోళీల కీలుని తయారుచేసిన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ షెప్పా. 1920లలో పేటెంటు తీసుకున్నాడు. ఆయన పేరు ఇంగ్లీషులో చూసి చాలామంది "ర్జెప్పా" అని రాస్తున్నారు. ఆ మొదటి రెండక్షరాలు పోలిష్ పద్ధతిలో ఒకే ధ్వని, "షెప్పా" అని పలకడమే వాడుక. "ఆరు గోళీల కీలు" అంటే చూడనివాడికి కూడా బొమ్మ కడుతుంది. టీచరుగారు చెప్పిన సగం కోసే తలంలో ఆ గోళీల్ని నిలబెట్టడమే కేజ్ పని.

మూడు రోలర్లదానికి "ముక్కాలి కీలు" అందామా? ముక్కాలిపీట మన ఇళ్ళలో ఉన్న మాటే. ఇది 1960ల నాటి ఫ్రెంచి పని. నిక్కచ్చిగా లెక్క వేస్తే ఇది నూటికి నూరుపాళ్ళు సరివేగం కాదు. వంపులో ఉన్నప్పుడు ముక్కాలి నడిమధ్య బిందువు చాలా చిన్న వృత్తంలో, షాఫ్టు ఒక చుట్టుకి మూడుసార్లు తిరుగుతుంది. వంపు తక్కువుండే లోపలి వైపు దీన్ని పెట్టడానికి అదీ ఒక కారణం.

ముందుకీ వెనక్కీ కదిలే గుణానికి మాత్రం నాకు ఒకే మాట తోచింది. జారుముడి ఉంది కదా, అలాగే "జారుకీలు". ట్రాక్టా, వైస్ అనే పాత రకాల సరివేగ కీళ్ళ పేర్లను ఉన్నవి ఉన్నట్టే ఉంచేద్దాం. రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపుల ముందు ఇరుసుల్లో షెప్పాతోపాటు అవీ ఉండేవి, ఇప్పటి కార్లలో దాదాపు కనబడవు. రెండు క్రాసులు వెనకా ముందూ కలిపి బిగించినదాన్ని "జంట క్రాస్" అంటే చాలు.

రిటైరైన తెలుగు మాస్టారు:
జారుకీలు! చాలా సంతోషం నాయనా. ఇరుసు, కందెన ఎలాగూ మన ఎడ్లబండివే. గ్రీజుకి కందెన అనమని పట్టుబట్టను గానీ, ఒకచోటైనా వాడండి.

టపా రాసినవారు:
అలాగే మాస్టారూ. డబ్బా మీదున్న చిరునామాకి ఈ కింది పాఠం పంపుతున్నాను. తప్పులుంటే ఇవాళ రాత్రిలోపు చెప్పండి.

"ఇది బయటి వైపు సరివేగ కీలు (సీవీ జాయింటు), ఆరు గోళీలది. బిగించే ముందు, దీనితో ఇచ్చిన గ్రీజు మొత్తాన్ని కీలులోనూ బూటులోనూ నింపండి. కందెన తక్కువైతే గోళీల గాడులు అరిగిపోతాయి. బూటు ఎక్కడ చిరిగినా, చప్పుడు వచ్చేదాకా ఆగకుండా వెంటనే మార్చండి. లోపలి వైపు ఉండే జారుకీలు దీనితో రాదు."