బిజినెస్ ప్లాన్ మారింది, ఐటీ ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
మాది యంత్రాల విడిభాగాలు తయారుచేసే కంపెనీ. ఇన్నేళ్లూ డీలర్ల ద్వారానే అమ్మకాలు. ఇకమీద వాడేవాళ్లకే నేరుగా ఆన్‌లైన్‌లో అమ్మాలని యాజమాన్యం నిర్ణయించింది. ఆ సంగతి ఐటీకి అందరికంటే చివర తెలిసింది, అది మామూలే అనుకోండి. ఇప్పుడేమో "మీ ఐటీ ప్లాన్ మన స్ట్రాటజీకి తగ్గట్టు ఉండాలి, ప్రెజెంటేషన్ ఇవ్వండి" అంటున్నారు. నా దగ్గరున్నవి సర్వర్ల మార్పిడి, ఈఆర్‌పీ (ఆర్డర్లు, స్టాక్, లెక్కలు అన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌గ్రేడ్, సెక్యూరిటీ పనులు. ప్రతిదాని పక్కనా "వ్యాపార వృద్ధికి తోడ్పాటు" అని రాసి ఇచ్చేయొచ్చు గానీ మనసొప్పడం లేదు. ఐటీని వ్యాపారానికి తగ్గట్టు నడపడానికి వాడే కోబిట్, టోగాఫ్ మార్గదర్శకాలు తిరగేశాను, తల తిరిగింది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాతకాపు:
ప్రాజెక్టుల జాబితా పక్కన పెట్టండి. మీ పాత స్ట్రాటజీ ఈఆర్‌పీలోనే గడ్డకట్టుకుని ఉంది. ముందు దాన్ని వెతకండి.

టెస్ట్ సర్వర్‌లో ఓ మామూలు మనిషి పేరుతో కస్టమర్ రికార్డు తెరవండి. నేను పనిచేసిన చోట క్రెడిట్ లిమిట్ నింపనిదే రికార్డు సేవ్ అయ్యేది కాదు. డీలర్‌కి అరువు ఉంటుంది కాబట్టి అది తప్పనిసరి చేశారు. ముందే డబ్బు కట్టి ఒక్క వస్తువు కొనేవాడికి అరువెందుకు? సేల్స్ వాళ్లు అక్కడ 1 అని కొట్టి నెట్టుకొచ్చారు. ఆ తర్వాత అరువు రిపోర్టు ఏదీ నమ్మడానికి లేకుండా పోయింది.

అదే ఆర్డర్‌ని చివరిదాకా నడిపించండి. స్టాక్ లెక్క అప్పటికప్పుడు కాక, రోజుకోసారి రాత్రి బ్యాచ్‌లో మారుతుందా? డీలర్‌కి అది చాలు, ఫోన్ చేసి కనుక్కుంటాడు. వెబ్‌సైట్‌లో "స్టాక్ ఉంది" అని చూసి డబ్బు కట్టినవాడికి చాలదు. వాపసు సరుకు సంగతేంటి? డీలర్లు అంతా కలిపి ఒకేసారి పంపితే ఓ క్రెడిట్ నోట్‌తో (ఆ మొత్తం వాళ్ల ఖాతాలో జమ చేసే చీటీ) సరిపోయేది. ఇప్పుడు ఒక్కో పెట్టె విడిగా వస్తుంది, ఒక్కో రిఫండ్ విడిగా వెళ్లాలి.

ఆగిన ప్రతిచోటా ఒక లైన్ రాసుకోండి: ఏం ఆగింది, ఎవరు తేల్చాలి. చాలావరకు ఐటీ తేల్చేవి కావని మీకే తెలుస్తుంది. మీ ప్రెజెంటేషన్ అదే. సర్వర్లు, సెక్యూరిటీ మాత్రం స్ట్రాటజీ పేరుతో అమ్మకండి. అవి లేకపోతే వ్యాపారం ఆగిపోతుందని సూటిగా చెప్పి, వాటి బడ్జెట్ విడిగా అడగండి.

రెండోవైపు:
పాతకాపు గారు చెప్పింది సగమే. వ్యాపారానికీ ఐటీకీ పొంతన ఎలా కుదరాలో చెబుతూ 1993లో హెండర్సన్, వెంకట్రామన్ అనే మేనేజ్‌మెంట్ పరిశోధకులు ఇచ్చిన అలైన్‌మెంట్ మోడల్‌లో స్ట్రాటజీని బట్టి ఐటీ మారడమే కాదు, ఐటీ తెచ్చే వీలును బట్టి స్ట్రాటజీ మారడమూ ఉంది. డీలర్ల ద్వారా అమ్మినన్నాళ్లూ ఒక భాగాన్ని ఎవరు వాడుతున్నారో, ఎన్నాళ్లకు మళ్లీ కొంటున్నారో మీకు తెలియదు. నేరుగా అమ్మితే తెలుస్తుంది. అరిగిపోకముందే గుర్తుచేసి అమ్మొచ్చన్న ఆలోచన పైవాళ్లకు తట్టకపోవచ్చు, చెప్పాల్సింది మీరే.

క్యాలెండర్:
తేదీ మర్చిపోకండి. హెర్షీ చాక్లెట్ కంపెనీ 1999 ఏప్రిల్‌లో మొదలుపెట్టాల్సిన కొత్త ఈఆర్‌పీని ఆలస్యమై జులైలో మొదలుపెట్టింది. అది అమెరికాలో చాక్లెట్లు బాగా అమ్ముడయ్యే హాలోవీన్ పండక్కి ఆర్డర్లు వచ్చిపడే కాలం. సరుకు ఉంది, ఆర్డర్లు ఉన్నాయి, పంపడమే కుదరలేదు. సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు అందించలేకపోయారు. మీ సీజన్ ఎప్పుడో సేల్స్ వాళ్లని అడిగాకే తేదీ వేయండి.

ప్రశ్న అడిగినవారు:
పాతకాపు గారూ, టెస్ట్ సర్వర్‌లో చూశాను. మాకు డీలర్ కోడ్ అడ్డం పడింది, అది లేకుండా ఇన్వాయిస్ రావట్లేదు. నేరుగా అమ్మిన సరుకు మీద ఆ ప్రాంతపు డీలర్‌కి కమీషన్ ఇస్తారా లేదా అన్నది ఎవరూ తేల్చలేదని అప్పుడు బయటపడింది. సేల్స్ హెడ్‌ని అడిగితే "ఏదో ఒక కోడ్ పెట్టేయండి, తర్వాత చూద్దాం" అన్నారు. దీన్నే మొదటి స్లైడ్‌గా పెట్టేయనా?

పాతకాపు:
పెట్టండి, కానీ మీటింగ్‌కి ముందే ఆయనకు విడిగా చూపించండి. అందరి ముందూ మొదటిసారి చూస్తే కమీషన్ సంగతి వదిలేసి మీ ఈఆర్‌పీ మీద పడతారు.