ట్రయాంగిల్ స్ట్రాటజీ డెమోలో మూడో అధ్యాయం దాటలేకపోతున్నాను, కొత్తగా ఆడేవాళ్ళం ఎక్కడ తప్పు చేస్తాం?

కొర్లగుంట కుర్రాడు:

అందరికీ నమస్తే. నాది తిరుపతి. మా బావ సింగపూర్ నుంచి వచ్చినప్పుడు తన పాత నింటెండో స్విచ్ గేమ్ కన్సోల్ నాకిచ్చి వెళ్ళాడు. ఇంతకాలం ఫోన్‌లో షూటింగ్ గేములు, క్రికెట్ గేములు తప్ప వేరేవి ఆడలేదు. ఉచితంగా దొరికే డెమోలు ఏమున్నాయా అని వెతుకుతుంటే ట్రయాంగిల్ స్ట్రాటజీ కనిపించింది. బొమ్మలు చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన వీడియో గేముల్లా చుక్కలు చుక్కలుగా ఉన్నాయి, వెలుతురు, నీడలు, నీళ్ళు మాత్రం చూస్తూ ఉండిపోయేంత బాగున్నాయి. వెంటనే దించుకున్నాను.

కథ నన్ను పట్టేసింది. ఒక రాజ్యం చేతిలో ఉప్పు, ఇంకో రాజ్యం చేతిలో ఇనుము, వాటి కోసం ముప్పై ఏళ్ళ కిందట పెద్ద యుద్ధం, ఇప్పుడేమో పైకి శాంతి. మాటలు చాలా ఎక్కువ, ఇంగ్లీషు కూడా కాస్త పాతకాలపు ఇంగ్లీషు, మా చెల్లెలు పక్కన కూర్చుని నాకు అర్థంకాని చోట చెబుతోంది. ఇప్పుడు నాకంటే తనకే కథ ఎక్కువ కావాలి.

సమస్యంతా యుద్ధాల్లోనే, అవి చదరంగంలా గడుల మీద వంతులవారీగా జరుగుతాయి. కష్టం నార్మల్‌లో పెట్టి ఆడుతున్నాను. మొదటి రెండూ ఎలాగో గట్టెక్కాయి గానీ మూడో అధ్యాయంలో నాలుగుసార్లు ఓడిపోయాను. నేను చేసేది ఏంటంటే, మొదలవగానే నేను ఆడే నాయకుడు సెరెనోవాని, గుర్రం మీదుండే రోలండ్‌ని ఎంత దూరం వెళ్ళగలిగితే అంత ముందుకు పంపిస్తాను, ఫ్రెడెరికా మంటలతో గట్టిగా కొడుతుంది కాబట్టి ఆమెని కూడా వాళ్ళ వెంటే పంపిస్తాను, మిగతావాళ్ళు వెనక నుంచి నడుచుకుంటూ వస్తారు. రెండో రౌండ్‌కే ఫ్రెడెరికా పడిపోతుంది, తర్వాత రోలండ్, ఆ తర్వాత గీలా ఎవరికి వైద్యం చేయాలో తేలక తను కూడా పోతుంది. లెవల్ తక్కువై ఓడిపోతున్నానా, లేక ఆట తీరే తప్పా? ఈజీలోకి మారిపోవాలా? ఇంకోటి, డెమోలో ఇంత కష్టపడింది అసలు గేమ్ కొంటే పనికొస్తుందా, మళ్ళీ మొదటి నుంచి ఆడాలా?

పుత్తూరు పులిమేక:

తమ్ముడూ, లెవల్ కాదు, ఆట తీరే. కానీ అది నీ ఒక్కడి తప్పు కాదు, షూటింగ్ గేముల నుంచి వచ్చినవాళ్ళందరి చేతులకూ ఆ తొందర అలవాటై ఉంటుంది. అక్కడ ముందు కాల్చినవాడిది గెలుపు. ఇక్కడ ముందు పరిగెత్తినవాడు ఒంటరివాడైపోతాడు.

నువ్వు పులి మేక ఎప్పుడైనా ఆడావా? పాత మండపాల్లో కూర్చునే బండల మీద గీసి ఉంటుంది చూడు, త్రికోణంగా, మధ్యలో అడ్డగీతలతో. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు స్థానాలు. నాకు మా నాయనమ్మ సుద్దముక్కతో గచ్చు మీద గీసి, పులులకు గవ్వలు, మేకలకు చింతగింజలు పెట్టి నేర్పించింది. మేక పులిని చంపలేదు, అయినా బాగా ఆడేవాళ్ళ చేతిలో మేకలే గెలుస్తాయి. ఎలాగంటే, పులి మేకను చంపాలంటే దాని మీదుగా దూకాలి, దూకాలంటే మేక వెనక స్థానం ఖాళీగా ఉండాలి. వెనక ఇంకో మేక ఉంటే పులి ఏమీ చేయలేదు. మేకలన్నీ అంచుల నుంచి ఒకదానికొకటి ఆనుకుని వస్తే చివరికి పులులకు కదలడానికి చోటుండదు.

ఈ గేమ్‌లో కూడా అసలు కథంతా వీపు వెనక గడిలోనే ఉంది. వెనక నుంచి కొట్టిన దెబ్బ ఎప్పుడూ క్రిటికలే, అంటే మామూలు కంటే గట్టి దెబ్బ, అదృష్టంతో పని లేదు. నీకూ అంతే, శత్రువుకూ అంతే. రోలండ్‌ని ఒంటరిగా ముందుకు పంపావంటే నాలుగు వైపులా ఖాళీ పెట్టి పంపావన్నమాట, వాళ్ళు వచ్చి వీపు మీద కొడతారు. టర్న్ ముగించేటప్పుడు ఎటు తిరిగి నిలబడాలో అడుగుతుంది కదా, చాలామంది దాన్ని పట్టించుకోకుండా బటన్ నొక్కేస్తారు. అక్కడ ఒక్క క్షణం ఆగు. వీపు గోడకో, లేకపోతే మన మనిషికో ఆనించు.

రెండోది, శత్రువుకు ఒక పక్క నువ్వుండి, సరిగ్గా ఎదురు పక్క మనవాడు ఇంకొకడు ఉంటే, నువ్వు కొట్టగానే వాడు కూడా ఉచితంగా ఒక దెబ్బ వేస్తాడు. అంటే ఇద్దరు ఒకే మనిషి మీద పడాలి. ఈ ఒక్కటి అలవాటైతే యుద్ధం సగం తేలికైపోతుంది. పైగా సగం ప్రాణం మిగిలిన శత్రువు కూడా నిండు ప్రాణం ఉన్నవాడిలాగే కొడతాడు. ముగ్గురికి తలా ఒక గాయం చేస్తే ఆ రౌండ్‌లో మూడు దెబ్బలూ తిరిగొస్తాయి. ఒక్కడిని పూర్తిగా పడగొడితే రెండే వస్తాయి.

ఎత్తు సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు. చంద్రగిరిలో కోట పైకెక్కి కిందికి చూస్తే రాజులు కొండ మీద ఎందుకు కట్టుకున్నారో తెలిసిపోతుంది. ఇక్కడ కూడా పై గడి నుంచి కొడితే దెబ్బ ఎక్కువ, కింద నుంచి పైకి కొడితే తక్కువ, విలుకాళ్ళకైతే ఎత్తులో బాణం ఇంకా దూరం పోతుంది. యుద్ధం మొదలవకముందు మనుషుల్ని ఏ గడిలో నిలబెట్టాలో ఎంచుకోమంటుంది. అప్పుడే మ్యాప్ అంతా తిప్పి చూడు. మెట్లెక్కడున్నాయి, ఇద్దరు మాత్రమే పట్టే ఇరుకు దారి ఎక్కడుంది, వాళ్ళు ఎటునుంచి వస్తారు. నేను యుద్ధం కంటే దీని మీదే ఎక్కువసేపు కూర్చుంటాను.

మురకంబట్టు:

పులిమేక గారు చెప్పినవన్నీ నిజం. నేను మనుషుల గురించి చెబుతాను, ఎందుకంటే ఈ గేమ్‌లో ఒక్కొక్కరిదీ ఒక్కో పని, ఒకరి పని ఇంకొకరితో చేయిస్తే ఓడిపోతాం. నేను దీన్ని రెండుసార్లు పూర్తి చేశాను, మొదటిసారి ఆరంభంలో నేను కూడా అచ్చం మీలాగే ఫ్రెడెరికాని పోగొట్టుకునేదాన్ని.

ముందు నడవాల్సింది సెరెనోవా కాదు, ఎరడార్. ఆ పెద్ద డాలు పట్టుకున్న ముసలాయన. ఆయన శత్రువులను రెచ్చగొట్టి తన మీదికి తెచ్చుకోగలడు. ఆయన్ని ఇరుకు దారిలో నిలబెడితే మిగతావాళ్ళకు ఊపిరి ఆడుతుంది. ఆయనకు కుడి ఎడమల్లో సెరెనోవా, రోలండ్ ఉండాలి. రోలండ్ చాలా దూరం వెళ్ళగలడు, గట్టిగా కొడతాడు, కానీ దెబ్బలకు తట్టుకోలేడు. కాబట్టి పోరాటం మొదలయ్యాక పక్కనుంచి వచ్చి వీపు మీద కొట్టి వెళ్ళే పనికి పెట్టుకోండి.

ఫ్రెడెరికా ఎప్పుడూ రెండో వరుసలోనే. ఆమె మంటకు దూరం ఉంది కదా, ముందుకెళ్ళాల్సిన అవసరమే లేదు. శత్రువుల నడక, దెబ్బ ఎంత దూరం వస్తాయో తెరమీద చూపించుకోవచ్చు, ఆ గడుల బయట ఆమెను ఆపండి. వాళ్ళు ముందుకొచ్చి ఎరడార్ దగ్గర ఆగుతారు, అప్పుడు ఆమె వంతు.

హ్యూయెట్ డేగ మీద ఎగురుతుంది, ఇంటి కప్పుల మీద కూర్చోబెట్టండి. శత్రువు కాళ్ళు కదలకుండా చేసే బాణం ఒకటుంది, గట్టివాణ్ణి దూరంలోనే కట్టిపడేస్తే ఆ లోపల మిగతావాళ్ళ పని పట్టొచ్చు. ఆనా అనే గూఢచారి అమ్మాయి ఒక టర్న్‌లో రెండు పనులు చేస్తుంది, ఒక్కో దెబ్బ చిన్నదే, కానీ వీపు వెనక రెండు దెబ్బలంటే మాటలు కాదు. బెనెడిక్ట్‌తో కత్తియుద్ధం చేయించకండి, పక్కవాళ్ళ బలం, రక్షణ పెంచడానికే వాడండి. గీలా మీద భారం తగ్గాలంటే మందు గుళికలు కొని పెట్టుకోండి, అవి ఎవరైనా వాడొచ్చు. నేను మొదట్లో డబ్బు దాచుకుని గుళికలు కొనేదాన్ని కాదు, అది పిసినారితనమే.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇక్కడ టర్న్‌లు మన జట్టు ఒకసారి, వాళ్ళ జట్టు ఒకసారి అన్నట్టు రావు. ఎవరి వేగాన్ని బట్టి వాళ్ళకు వస్తాయి. తెర కింద ఆ వరుస కనిపిస్తూనే ఉంటుంది. నేను ఏం చేయాలన్నా ముందు అటు చూస్తాను. తర్వాత కొట్టబోయేది వాళ్ళ విలుకాడైతే వాణ్ణి ముందు పడగొట్టాలి, వాడి వంతు వచ్చేలోపు మనవాళ్ళు ఇద్దరున్నారా ముగ్గురున్నారా అని లెక్క వేసుకోవాలి. స్కిల్స్‌కి, అంటే ప్రత్యేకమైన దెబ్బలకు, కావాల్సిన టీపీ అనే పాయింట్లు టర్న్‌కి ఒకటి చొప్పునే వస్తుంది, కాబట్టి మొదటి టర్న్ ఊరికే నిలబడి పోగేసుకున్నా నష్టం లేదు, శత్రువు ఎలాగూ మన దగ్గరికే వస్తున్నాడు.

బాలాజీ కాలనీ:

ఈజీలోకి మారినా తప్పేం లేదు బ్రో. కథ కోసం ఆడుతున్నావు, చెల్లెలు కూడా ఎదురుచూస్తోంది అంటున్నావు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ నార్మల్‌కి రావచ్చు.

డెమోలో ఆడినంత వరకు దాచుకున్న సేవ్ గురించి అడిగావు కదా. స్విచ్‌లో ఇప్పుడున్న డెమో 2022 ఫిబ్రవరిలో వచ్చింది, మొదటి మూడు అధ్యాయాలు ఉంటాయి, గేమ్ కొంటే సేవ్ అందులోకి వచ్చేస్తుంది. అంటే ఇప్పుడు సంపాదించిన ప్రతి లెవలూ నీదే. 2021లో ఇంకో డెమో ఇచ్చారు, అది కథ మధ్యలోంచి ఆరు, ఏడు అధ్యాయాలు, ఆడినవాళ్ళ అభిప్రాయాలు అడిగి తీసుకుని గేమ్‌లో మార్పులు చేసి 2022 మార్చి 4న విడుదల చేశారు. నేను ఆ మొదటి డెమో ఆడి ఎవరు ఎవరో తెలియక వదిలేశాను, రెండోది వచ్చాకే అర్థమైంది.

పుత్తూరు పులిమేక:

బాలాజీ కాలనీ బ్రదర్, నేను ఒప్పుకోను. ఈజీలో వీపు చూపించి నిలబడినా గెలుస్తాం, అప్పుడు నేర్చుకునేది ఏముంటుంది? నార్మల్‌లో ఓడిపోయినా ఆ యుద్ధంలో వచ్చిన ఎక్స్‌పీ, అంటే లెవల్ పెంచే పాయింట్లు, మన దగ్గరే ఉంటుంది, కిందపడినవాళ్ళు శాశ్వతంగా చనిపోరు, తర్వాతి యుద్ధానికి లేచి వస్తారు. ఇలాంటిదే ఇంకో గేమ్, ఫైర్ ఎంబ్లెమ్ సిరీస్ 1990లో మొదలైనప్పటి నుంచి దానికి పేరొచ్చిందే పోయినవాడు పోయినట్టే అనే నియమంతో. అక్కడ ఒక్క తప్పుకి ఇరవై గంటలు పెంచుకున్న మనిషి పోతాడు. ఇక్కడ ఆ భయం లేదు కాబట్టే కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి ఇది మంచి చోటు అంటాను. తమ్ముడూ, ఇంకో రెండుసార్లు నార్మల్‌లోనే ప్రయత్నించు, తర్వాత నీ ఇష్టం.

మురకంబట్టు:

లెవల్ తక్కువ ఉందనిపిస్తే శిబిరంలో మాక్ యుద్ధాలు, అంటే సాధన కోసం ఆడేవి, ఉంటాయి, ఒకటి రెండు ఆడండి. యుద్ధం లెవల్ కంటే తక్కువ ఉన్నవాళ్ళకు ఎక్స్‌పీ చాలా ఎక్కువ వస్తుంది, వెనకబడినవాళ్ళు రెండు మూడు దెబ్బలకే లెవల్ పెరుగుతారు. కాబట్టి గంటల తరబడి లెవల్ పెంచుకుంటూ కూర్చోవాల్సిన గేమ్ కాదిది. వీపు వెనక, ఎత్తు నుంచి, ఇద్దరు కలిసి కొట్టిన ప్రతిసారీ కుడోస్ పాయింట్లు కూడా ఇస్తుంది, వాటితో శిబిరంలో కొనుక్కోవచ్చు. మంచిగా ఆడితే గేమే బహుమతి ఇస్తుంది.

కొర్లగుంట కుర్రాడు:

అన్నా, అక్కా, గెలిచాను! నార్మల్‌లోనే! నిన్న రాత్రి పదిన్నరకి మొదలుపెట్టి పన్నెండు దాటాక ముగించాను, మా చెల్లెలు కూడా నిద్రపోలేదు.

ఎరడార్‌ని దారి ఇరుకైన చోట నిలబెట్టాను, మొదటి టర్న్ ఎవరినీ ముందుకు పంపలేదు. చేతులు ఆగలేదు నిజం చెప్పాలంటే, రోలండ్‌ని రెండుసార్లు ముందుకు జరిపి మళ్ళీ వెనక్కి తెచ్చాను. వాళ్ళు వచ్చి ఎరడార్ చుట్టూ చేరారు, ఒక్కొక్కడి వీపు నావైపు తిరిగింది, ఆనాని వెనక్కి పంపి రెండు దెబ్బలు కొట్టిస్తే వాడు అక్కడే పడిపోయాడు. అప్పుడు అర్థమైంది పులి మేక సంగతి. ఫ్రెడెరికా చివరిదాకా నిలబడింది. గీలా మాత్రం ఒకసారి పడిపోయింది, నేను ఆమెను తిప్పి నిలబెట్టడం మర్చిపోయాను, ఒక విలుకాడు వెనకనుంచి కొట్టాడు.

ఒక్కటి మిగిలింది. ఏ రాజ్యానికి వెళ్ళాలో తక్కెడలో ఓట్లు వేసే చోట నేను ఉప్పు రాజ్యం హైజాంట్ అనుకున్నాను, నా మనుషులు ఏడుగురిలో నలుగురు ఇనుము రాజ్యం ఏస్‌ఫ్రాస్ట్ వైపు వేసేసి అక్కడికి పంపించారు. నేను నాయకుణ్ణి కదా, నా మాట ఎందుకు చెల్లలేదు?

మురకంబట్టు:

చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. ఓటు సంగతి ఏంటంటే, సెరెనోవాకి ఓటు లేదు, ఒప్పించే అవకాశం మాత్రమే ఉంది. ఓటుకు ముందు ఊళ్ళో తిరగనిస్తుంది చూడు, అక్కడ కనిపించిన ప్రతి ఒక్కరితో మాట్లాడాలి. ఎవరో చెప్పిన ఒక చిన్న సంగతి తర్వాత ఒప్పించేటప్పుడు కొత్త జవాబుగా తెరుచుకుంటుంది. అది లేకుండా వెళ్తే కొందరు అస్సలు మారరు. ఇంకా, నీ మాటలను బట్టి లోపల లాభనష్టాలు, నీతి, స్వేచ్ఛ అని మూడు లెక్కలు నడుస్తుంటాయి, మొదటిసారి ఆడేటప్పుడు అవి కనిపించవు, పూర్తిచేసి మళ్ళీ మొదలుపెడితే కనిపిస్తాయి. వాటిని బట్టే నీ దగ్గరికి కొత్త మనుషులు వచ్చి చేరతారు.

రెండు దారుల్లో ఏదీ తప్పు దారి కాదు. ఏస్‌ఫ్రాస్ట్ వెళ్ళావు కదా, అలాగే కానివ్వు. మీ చెల్లెలికి హైజాంట్ చూడాలని ఉంటే ఓటుకు ముందు వేరే సేవ్ పెట్టుకుని తనను ఆ దారిలో ఆడమను.

కొర్లగుంట కుర్రాడు:

తనకు చెప్పాను అక్కా, రెండో సేవ్ తనదే అంది. ఇప్పుడే ఊళ్ళో వాళ్ళందరితో మాట్లాడుతోంది, ఒక్కరిని కూడా వదలట్లేదు.