బుడాపెస్ట్ కాగితంలో ఉన్నది హామీయా, పూచీకత్తా?

డెస్కు మిత్రుడు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. ఆదివారం అనుబంధానికి ఉక్రెయిన్ మీద ఒక వ్యాసం దిద్దుతున్నాను. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్, రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలు పెట్టిన మెమొరాండం (అవగాహన పత్రం) సంగతి అందులో ఉంది. ఉక్రెయిన్ తన అణ్వస్త్రాలు వదులుకున్నందుకు బదులుగా మిగతా ముగ్గురూ దాని భద్రతకు ఏదో ఇచ్చారు. ఆ 'ఏదో' దగ్గరే చిక్కొచ్చింది. ఇంగ్లిష్ ప్రతిలో 'అష్యూరెన్సెస్' అని ఉంది. రచయిత ఒకచోట 'భద్రతా హామీలు' అన్నారు, రెండు పేరాలు దాటాక 'పూచీకత్తు' అన్నారు, చివరికొచ్చేసరికి 'గ్యారంటీ' అన్నారు. మూడూ ఒకటేనా? ఒకటే ఉంచాలంటే ఏది ఉంచమంటారు? రేపు సాయంత్రానికి పేజీ వెళ్ళిపోవాలి.

తెనాలి ప్లీడరు:
పూచీకత్తు మాత్రం కొట్టేయండి సార్. అవతలివాడు మాట తప్పితే ఆ బాధ్యత నాది, నా ఆస్తి జప్తు చేసుకోండి అని ఇంకొకడు సంతకం పెడితే దాన్ని పూచీకత్తు అంటాం. ఈ కాగితంలో ఆ ఇంకొకడు ఎక్కడున్నాడు? ఉన్నవి ఆరు అంశాలు. ఉక్రెయిన్ స్వాతంత్ర్యాన్ని, ఇప్పుడున్న సరిహద్దుల్ని గౌరవిస్తాం, బలం వాడం, వాడతామని బెదిరించం, ఆర్థికంగా పీక నొక్కం, అణ్వస్త్రం ప్రయోగించం. ఇవన్నీ ఎవరి మట్టుకు వాళ్ళు 'నేను చేయను' అనుకున్నవే. 'వాడు చేస్తే నేనొచ్చి ఆపుతా' అన్న మాట భూతద్దం పెట్టినా దొరకదు. మిగిలిన రెండింట్లో ఒకటి భద్రతా మండలికి వెళదామని, రెండోది ఏవైనా సందేహాలొస్తే సంప్రదించుకుందామని. మా కోర్టు భాషలో చెప్పాలంటే ముగ్గురూ సొంత పూచీకత్తు మీద బయటికొచ్చారు. పైగా మండలిలో రష్యాకు వీటో ఉంది. అంటే ముద్దాయికి బెంచీ మీద కూడా ఒక కుర్చీ వేశారన్నమాట.

విన్నిట్సియాలో చదివిన డాక్టరు:
ప్లీడరు గారూ, మీరు ఇంగ్లిష్ ప్రతి ఒక్కటే చూసి తీర్పు చెప్పేస్తున్నారు. ఉక్రేనియన్ ప్రతిలో శీర్షికలోనే 'హరాంతియి' అని ఉంది, రష్యన్ ప్రతిలో 'గరాంతియి'. రెండూ మన గ్యారంటీకి తోబుట్టువులే. అష్యూరెన్స్‌కు తగిన మాట వాళ్ళ దగ్గర లేకా కాదు, 'జపెవ్‌నెన్న్యా' అని శుభ్రంగా ఉంది. అయినా అది రాయలేదు. కాగితం చివర మూడు భాషల ప్రతులకూ సమాన విలువ అని కూడా రాసుకున్నారు. ఉక్రెయిన్‌లో చదివేటప్పుడు హాస్టల్ గదికి నేను కొన్న కరెంటు కెటిల్‌కు షాపతను ముద్ర గుద్ది ఇచ్చిన చీటీ మీద ఉన్నదీ ఇదే మాట. ఏడాదిలోపు పాడైతే చీటీ చూపిస్తే చాలు, మార్చిస్తారు. ఆ మాట వినగానే అక్కడి మామూలు మనిషికి తోచే అర్థం అది. మా ఇంటి ఓనరమ్మ టీవీ ముందు కూర్చుని 'మాకు హరాంతియి ఇచ్చారుగా' అన్నప్పుడు ఆవిడ మనసులో ఉన్నది కెటిల్ చీటీ లాంటిదే, మీ సొంత పూచీకత్తు కాదు.

ఇంకో సంగతి. ఉక్రేనియన్ ప్రతికి సమాన విలువ అంటే మనకు మామూలుగా అనిపిస్తుంది. 1863లో రష్యా జార్ మంత్రి వాల్యుయెవ్, అసలు అలాంటి వేరే భాషే లేదు, ఉండబోదు అని సర్క్యులర్ తీశాడు. 1876లో జార్ రెండో అలెగ్జాండర్ జర్మనీలోని ఎమ్స్‌లో విడిది చేస్తూ, ఆ భాషలో పుస్తకాలు అచ్చు వేయడం మీద, బయటి నుంచి తెప్పించుకోవడం మీద నిషేధం పెట్టాడు. అలాంటి భాష 118 ఏళ్ళకు ఒక అణు ఒప్పందంలో రష్యన్ పక్కన సమానంగా కూర్చుంది. వ్యాసంలో దీనికి రెండు వాక్యాలు ఇస్తే బాగుంటుంది.

తెనాలి ప్లీడరు:
మాట అదే కావచ్చు డాక్టరు గారూ, ఒప్పుకున్న అర్థం అది కాదు. ఆ చర్చల్లో పాల్గొన్న అమెరికా దౌత్యవేత్త స్టీవెన్ పైఫర్ తర్వాత రాశారు. గ్యారంటీ అంటే నాటో మిత్రదేశాలకు ఇచ్చినట్టు సైన్యాన్ని పంపే బాధ్యత అవుతుందని, అందుకే వాళ్ళ లాయర్లు ఆ మాట దగ్గరికి పోనివ్వలేదని. మిగతా భాషల్లో గ్యారంటీ అని కనబడినా దాన్ని అష్యూరెన్స్ అర్థంలోనే తీసుకోవాలని ముందే చెప్పి ఉంచుకున్నారు. కెటిల్ చీటీ వెనక చిన్న అక్షరాలుంటాయి చూడండి, అవి ఇవే.

గ్రూపు అడ్మిన్ (రిటైర్డు తెలుగు లెక్చరరు):
మీ ఇద్దరి మధ్యా 'హామీ' నలిగిపోతోంది. ఆ మాట ఒక్క చోట నిలిచేది కాదు. బ్యాంకులో అప్పుకు సంతకం పెట్టేవాడు హామీదారు. అప్పు తీరకపోతే నోటీసు వాడింటికే వస్తుంది. 2005 నాటి ఉపాధి చట్టంలోని 'గ్యారంటీ'ని మనం 'హామీ' అనే అనువదించుకున్నాం. అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే భృతి ఇవ్వాలని అందులో రాశారు. అదే మాట 'ఎన్నికల హామీ' అయ్యేసరికి ఏ కోర్టూ పట్టించుకోదు. తెలంగాణలో 2023 ఎన్నికల్లో 'ఆరు గ్యారంటీలు' వచ్చాక గ్యారంటీ కూడా మేనిఫెస్టో మాట అయిపోయింది. కాబట్టి 'భద్రతా హామీలు' అని రాస్తే తప్పు లేదు. కాకపోతే, అది బ్యాంకు హామీయా ఎన్నికల హామీయా అన్నది చదివేవాడు తన అనుభవాన్ని బట్టి అనుకుంటాడు. నా ఓటు దానికే. మొదటిసారి వచ్చినచోట మాత్రం 'ఇంగ్లిష్ ప్రతిలో ఒట్టి భరోసా, ఉక్రేనియన్ ప్రతిలో గ్యారంటీ' అని విప్పి చెప్పండి.

కొత్త సభ్యుడు:
మాటల సంగతి సరే గానీ, ఆ బాంబులు ఇవ్వకుండా అట్టేపెట్టుకుని ఉంటే ఇవాళ ఎవడూ తాకేవాడు కాదుగా?

గ్రూపు అడ్మిన్:
బాబూ, రాజకీయం ఇక్కడ వద్దు అనేవాణ్ణే. కానీ ఇందులోనూ ఒక మాట ఉంది. ప్రశ్నలో డెస్కు మిత్రులు 'తన అణ్వస్త్రాలు' అని రాశారు. ఆ 'తన' మీద మూడేళ్ళు పేచీ నడిచింది. సోవియట్ యూనియన్ కూలాక ఉక్రెయిన్ గడ్డ మీద 176 ఖండాంతర క్షిపణులు మిగిలాయి. వాటిలో ఎస్‌ఎస్-19లు 130, ఒక్కోదానికి 6 వార్‌హెడ్లు (క్షిపణి మొనలో అమర్చే అణుబాంబులు). ఎస్‌ఎస్-24లు 46, ఒక్కోదానికి 10. క్షిపణుల మీదున్నవే 1,240. బాంబర్ల మీదివి వేరే. హిరోషిమా మీద పడింది సుమారు 15 కిలోటన్నులది. వీటిలో ఒక్కొక్కటీ దానికి ముప్ఫై రెట్లకు పైమాటే. ఎస్‌ఎస్-24కు రూపకల్పన చేసింది ఉక్రెయిన్ ఊరు ద్నిప్రోలోనే. ప్రయోగించే కోడ్లు మాత్రం మాస్కోలో. 'ఆస్తి మాది' అని ఉక్రెయిన్ పార్లమెంటు 1993లో అన్నది నిజమే, తాళంచెవి మాత్రం చేతిలో లేదు. తయారుచేయించుకోవాలంటే డబ్బు కావాలి, ప్రపంచమంతటితో తగువు పెట్టుకోవాలి. ధరలు రోజురోజుకీ ఎగబాకుతున్న దేశం అది అప్పట్లో.

విన్నిట్సియాలో చదివిన డాక్టరు:
పైగా వద్దని ముందే అన్నది వాళ్ళే. స్వాతంత్ర్యం రాకముందు, 1990 జులై 16 నాటి సార్వభౌమత్వ ప్రకటనలోనే అణ్వస్త్రాలు తీసుకోం, తయారుచేయం, సంపాదించం అని రాసుకున్నారు. చోర్నోబిల్ పేలి అప్పటికి నాలుగేళ్ళు. (చెర్నోబిల్ అన్నది రష్యన్ పలుకుబడి, వాళ్ళకది 'చోర్నోబిల్'. వ్యాసంలో కీవ్‌ను 'క్యివ్' అని రాసి దీన్ని పాతపద్ధతిలో వదిలేయకండి.) ఆ ప్రమాదం గురించి జనానికి రోజుల తరబడి చెప్పకుండా దాచింది మాస్కో. దాంతో అణువు, మాస్కో పెత్తనం రెండూ వాళ్ళ బుర్రల్లో ఒకటే అయిపోయాయి. రెండింటినీ కలిపి వదిలించుకుందాం అనుకున్నారు.

పెర్వోమైస్క్ దగ్గర క్షిపణి స్థావరం ఇప్పుడు మ్యూజియం. క్లాసు వాళ్ళతో వెళ్ళాను. నేలలోకి 45 మీటర్ల లోతున నిలబెట్టిన పొడవాటి ఉక్కు డబ్బా, లోపల పన్నెండు అంతస్తులు. ముగ్గురు పడితే ఊపిరాడని లిఫ్టు. అడుగు దగ్గర, క్షిపణులు ప్రయోగించే అధికారులకు రెండు కుర్చీలు, వాటికి సీటు బెల్టులు. ప్రపంచం ముగుస్తున్నప్పుడు బెల్టు దేనికని మా వాళ్ళొకరు అడిగితే, పైన పేలితే నేల కుదిపే కుదుపుకని గైడు మామూలుగా చెప్పాడు. 1996 జూన్ మొదటికల్లా చివరి వార్‌హెడ్లు రష్యాకు రైలెక్కాయి. ఆ నెల 4న ముగ్గురు రక్షణ మంత్రులు, అమెరికా, రష్యా, ఉక్రెయిన్ వాళ్ళు, అక్కడే పొద్దుతిరుగుడు మొక్కలు నాటారు.

డెస్కు మిత్రుడు:
'తన అణ్వస్త్రాలు' బదులు 'తన గడ్డ మీదున్న' అని దిద్దేశాను. పూచీకత్తు తీసేశాను. 2014 మార్చి 5 సంగతి కూడా చేర్చాను: క్రిమియా చేజారుతున్నప్పుడు సంప్రదింపుల అంశం కింద ఉక్రెయిన్ పారిస్‌లో కూర్చుందామంటే అమెరికా, బ్రిటన్ మంత్రులు వచ్చారు, అదే ఊళ్ళో ఉన్న రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ రాలేదు. ఇక మిగిలింది భద్రతా మండలికి వెళదామన్న నాలుగో అంశం. 'దురాక్రమణకు' తర్వాత 'దురాక్రమణ బెదిరింపుకు', ఆపైన వాక్యం చివర 'అణ్వస్త్రాలు వాడిన' అని తోకలా వేలాడుతుంది ఇంగ్లిష్‌లో. ఆ తోక రెండింటికా, రెండోదానికేనా? మనం విశేషణాన్ని ముందు పెట్టాలి కాబట్టి ఏదో ఒకటి తేల్చక తప్పదు.

గ్రూపు అడ్మిన్:
మంచి చోట పట్టుకున్నారు. 'అణ్వస్త్రాలతో చేసే దురాక్రమణకు గానీ, అలాంటి బెదిరింపుకు గానీ' అంటే అణుదాడో, అణు బెదిరింపో ఉంటేనే మండలికి వెళ్తారు. క్రిమియా లెక్కలోకి రాదు. 'దురాక్రమణకు గానీ, అణ్వస్త్రాలతో చేస్తామన్న బెదిరింపుకు గానీ' అంటే మామూలు తుపాకులతో చేసిన దాడి కూడా వస్తుంది. ఈ వరస 1968 నాటి భద్రతా మండలి 255వ తీర్మానం కాలం నుంచి నడుస్తున్నది, అక్కడి ఉద్దేశం మొదటిదే. అయినా మూలంలో ఉన్న సందిగ్ధాన్ని అనువాదంలో మనం తీర్చేయకూడదు. ఇలా రాసి చూడండి: 'ఉక్రెయిన్ దురాక్రమణకు గానీ, దురాక్రమణ బెదిరింపుకు గానీ గురై, అందులో అణ్వస్త్రాలు వాడితే'. ఆ 'అందులో' దేనికి తగులుతుందో తెలుగులోనూ తేలదు.

తెనాలి ప్లీడరు:
'అందులో' దివ్యంగా ఉంది మాస్టారూ. ఆ ఒక్క మాట మీద రెండేళ్ళు వాయిదాలు నడిపించొచ్చు.