రాత్రి రాగిజావ, పొద్దున పసుపు క్యాప్సూల్: అయినా అమ్మ ఎందుకు చిక్కిపోతోంది?

తెనాలి_కుర్రాడు:
మా అమ్మకు 68. సుగర్ ఉంది, పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఎముకలకు బలమని ఎవరో చెబితే ఏడాది కిందట రాత్రి అన్నం మానేసి రాగిజావ మొదలుపెట్టింది. సుగర్ పర్లేదు కానీ మనిషి 57 కేజీల నుంచి 52కి వచ్చేసింది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, పూజ దగ్గర కింద కూర్చుంటే గోడ పట్టుకుని గానీ లేవలేకపోతోంది. డాలస్‌లో ఉన్న అన్నయ్య పసుపు క్యాప్సూల్స్, ఒక ప్రోటీన్ పౌడర్ డబ్బా పంపాడు. క్యాప్సూల్స్ మొదలుపెట్టింది, డబ్బా మూత తియ్యలేదు. కడుపు నింపడమే కాక ఒంటికి అదనంగా మేలు చేస్తాయని చెప్పే ఈ ఫంక్షనల్ ఫుడ్స్ నిజంగా పనిచేస్తాయా?

పెసరట్టు_ఉప్మా:
ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తగ్గాలనుకోకుండా ఏడాదిలో ఐదు కేజీలు తగ్గితే అది తిండి విషయమే అని ఇంట్లో కూర్చుని తేల్చేసుకోకూడదు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లు వాడితే విటమిన్ బీ12 తగ్గొచ్చు కాబట్టి అదీ చూడమనండి.

ఇక జావ. గ్లాసుకు 30 గ్రాముల పిండి అనుకుంటే ప్రోటీన్ రెండు గ్రాములు, కాల్షియం నూరు మిల్లీగ్రాముల చిల్లర. రాగి మంచిదే, కానీ పప్పూ పెరుగూ తీసేసి దాన్నొక్కదాన్నే భోజనం చేసేస్తే కండ కరిగిపోతుంది. 65 దాటినవాళ్లకు రోజుకు కేజీ బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలని 2013లో ప్రోట్-ఏజ్ అనే నిపుణుల బృందం చెప్పింది, అంటే అమ్మగారికి రోజుకు 52 నుంచి 62 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములు, లెక్క వేసుకోండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ చెప్పినంతే.

గోంగూర_గారు:
పౌడర్ డబ్బా అలాగే ఉంచండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండ కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దనే చెప్పింది. పసుపు క్యాప్సూల్స్ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, వాటితో కాలేయం దెబ్బతిన్న కేసులు వచ్చాయని 2019లో ఇటలీ, 2023లో ఆస్ట్రేలియా అధికారులు హెచ్చరించారు. కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, మిరియాల సారం కలిపి ఒంటికి ఎక్కువ పట్టేలా చేసిన మాత్ర వేరు. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి రాగి బిస్కెట్లు కూడా ఆరోగ్యం పేరుతో అమ్ముతున్నారు, ప్యాకెట్ తిప్పి చూస్తే కొన్నింట్లో మొదటి పేరే మైదా!

అత్తగారి_కోడలు:
తిండి ఒక్కటే చాలదండీ. మా అత్తగారికి ఫిజియో చెప్పింది ఒకటే, గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, పక్కన ఒక మనిషి ఉండి. మొదట్లో రెండు లేచి ఆయాసపడేవారు. రాత్రికి పెసరట్టు, కప్పు పెరుగు పెడుతున్నాం.

తెనాలి_కుర్రాడు:
పరీక్షలు చేయించాం, బీ12 తక్కువే, మిగతావి పర్లేదు. డాక్టర్ క్యాప్సూల్స్ ఆపేయమన్నారు, అన్నయ్య కొంచెం అలిగాడు. అమ్మ శనివారం గుడ్డు ముట్టదు, ఆ రోజు పనీర్. జావ మానమంటే ససేమిరా అంది, అందుకే పెసరట్టు తిన్నాక మజ్జిగ కలిపి సగం గ్లాసు ఇస్తున్నాం. కుర్చీ పని సీరియల్‌లో యాడ్స్ వచ్చినప్పుడు చేస్తోంది, నిన్న ఆరుసార్లు లేచింది.