సరుకు గడువుకు బయటికి రావాలంటే మీరు ఏం మార్చారు? టీమ్‌లు నడిపినవారి అనుభవాలు కావాలి

తొలకరి_గడువు (హైదరాబాద్):

బోరుబావి మోటార్లను ఫోనుతో నడిపే స్టార్టర్లు తయారుచేసే చిన్న సంస్థలో పదకొండు మంది టీమ్‌ను చూస్తున్నాను. సర్క్యూట్ బోర్డు, దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్), ప్లాస్టిక్ పెట్టె, ఫోను యాప్ అన్నీ మావే. మాకు ఉన్నది ఒకటే గడువు, మృగశిర కార్తె. జూన్ మొదటి వారానికి దుకాణంలో లేకపోతే రైతు వేరేది కొనుక్కుంటాడు, మళ్లీ ఏడాది దాకా మా వైపు చూడడు. వరుసగా రెండేళ్లు తప్పాం. ఒకసారి ఆగస్టు వచ్చేసింది, ఇంకోసారి జులై నెలాఖరు.

బాధ ఎక్కడంటే, టీమ్‌లో పని ఎగ్గొట్టేవారు ఒక్కరూ లేరు. రాత్రి పది దాకా కూర్చున్నవారే అందరూ. ప్రతి సోమవారం సమావేశంలో "తొంభై శాతం అయింది" అనే జవాబు వచ్చేది. ఫిబ్రవరిలోనూ తొంభై, ఏప్రిల్‌లోనూ తొంభై. ఈ స్థితి నుంచి బయటపడ్డవారు చెప్పండి. చదివింది వద్దు, మీరు చేసింది కావాలి.

అచ్చుపని (బాలానగర్):

నాది మౌల్డులు, అంటే ప్లాస్టిక్ పెట్టెలు పోసే ఉక్కు అచ్చులు, చేసే టూల్‌రూమ్. సంస్థలవాళ్లు నా దగ్గరికి ఎలా వస్తారో చెబుతాను. డ్రాయింగ్ మూడు వారాలు ఆలస్యంగా పట్టుకొస్తారు, మౌల్డు మాత్రం నలభై రోజుల్లో కావాలంటారు. ఇస్తాను. కానీ మొదటి షాట్‌కే, అంటే మౌల్డులో మొదటిసారి ప్లాస్టిక్ పోయగానే, పెట్టె చక్కగా అమరడం ఇరవై ఏళ్లలో చాలా అరుదుగా చూశాను. మూత బిగుసుకుంటుంది, స్క్రూ దిగే దిమ్మ వెనక గుంట పడుతుంది, వైరు దూరే చోటు చాలదు. ఒక్కో దిద్దుబాటుకు వారం నుంచి పది రోజులు పడుతుంది. కనీసం రెండు దిద్దుబాట్లు ఉంటాయని ముందే రాసుకోండి. ఇప్పటిదాకా నా దగ్గరికి వచ్చిన ఏ ప్రణాళికలోనూ ఆ ఇరవై రోజులు కనిపించలేదు.

ఇంకొకటి. ఉక్కును మరికాస్త చెక్కడం తేలిక. చెక్కేసిన చోటు పూడ్చాలంటే వెల్డింగ్ పెట్టి, మళ్లీ చెక్కి, పాలిష్ చేయాలి. అందుకని అనుమానం ఉన్న కొలత దగ్గర ఉక్కు మిగిల్చి ఉంచమని టూల్‌రూమ్‌వాళ్లను అడగండి.

మూడు_రోజుల_పని (బెంగళూరు):

తొంభై శాతం మాట మా దగ్గరా ఉండేది. శాతాలు చెప్పడమే మాన్పించాను. ఏ పనీ మూడు రోజులకు మించకూడదు, మించితే దాన్ని విడగొట్టాలి. అయిందా, కాలేదా? రెండే జవాబులు. అయిందంటే, ఆ పని చేసినవారు కాకుండా ఇంకొకరు అసలు పరికరం మీద నడిపి చూశారని అర్థం. మొదటి నెల అందరికీ నా మీద కోపం వచ్చింది. పూర్తయిన పనుల సంఖ్య సగానికి పడిపోయింది మరి. నిజానికి అంతకుముందు కూడా సగమే అవుతుండేది, మాకు తెలిసేది కాదు.

ఆలస్యమైందని మనుషుల్ని మాత్రం చేర్చకండి. ఐబీఎం సిస్టమ్ 360 కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే ఈ సంగతి రాశారు: వెనకబడిన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని జోడిస్తే అది ఇంకా వెనకబడుతుంది. నేను నమ్మలేదు, నలుగురిని తీసుకున్నాను. వాళ్లకు పని నేర్పడానికే ఇద్దరు పాత ఇంజినీర్ల ఆరు వారాలు పోయాయి.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు):

మాకు శ్రీహరికోట దగ్గర కాబట్టి చిన్నప్పటి నుంచి విన్న ఉదంతం ఒకటి చెబుతాను. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లోపం వల్ల విఫలమైంది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. కానీ ఆ రోజు విలేకరుల ముందుకు వెళ్లి బాధ్యత నెత్తిన వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం విలేకరులతో మాట్లాడమని కలాంను పంపారు. కలాం ఈ సంగతిని ఎన్నో సభల్లో తలచుకున్నారు.

నేను దీనికి సరిగ్గా ఎదురు చేశాను. వైద్య పరికరాల పనిలో ఉన్నప్పుడు, బ్యాటరీ వేడెక్కుతోందని ఒక అమ్మాయి జనవరిలోనే చెప్పింది. పదిమందిలో "ఇప్పుడా చెప్పేది?" అన్నాను. ఆ తరువాత మూడు నెలలు ఎవరూ నా చెవిన చెడు కబురు వేయలేదు. ఏప్రిల్‌లో మూడు లోపాలు ఒక్కసారే బయటపడ్డాయి. మూడూ టీమ్‌లో ఎవరో ఒకరికి ముందే తెలుసు. ఆ అమ్మాయికి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. ఇప్పుడు ప్రతి సమావేశాన్నీ ఈ వారం నా వల్ల ఆగిన పని ఏదో చెప్పి మొదలుపెడతాను. అప్పుడు మిగతావారికీ నోరు వస్తుంది.

సరస్సుల_ఊరు (మిచిగన్):

పెన్నా_ఒడ్డు గారు చెప్పిందాన్ని టొయోటా కర్మాగారాల్లో ఒక తాడుగా కట్టారు. లోపం కనిపిస్తే లైను మీద పనిచేసే మనిషే ఆ తాడు లాగుతాడు, వెంటనే పైవాడు పరుగున వస్తాడు. సమస్య తీరకపోతే లైను ఆగుతుంది. లాగినందుకు ఎవరూ తిట్టరు. డిజైను పనిలో మనకు అలాంటి తాడు ఉండదు, నడిపే మనిషి ముఖమే తాడు.

మూడు_రోజుల_పని గారితో ఒకచోట విభేదిస్తాను. మనుషుల్ని చేర్చడం ప్రతిసారీ తప్పు కాదు. మేము కార్ల విడిభాగాల పరీక్షలకు చివర్లో ముగ్గురిని తెచ్చుకున్నాం, రెండు వారాలు కలిసొచ్చాయి. ఎవరినీ అడగకుండా చేయగలిగేలా విడిగా ఉన్న పని అది. ఒకరి పని ఇంకొకరి పనిలో చిక్కుకుని ఉన్నచోట మాత్రం మీరన్నదే నిజం.

తొలకరి_గడువు:

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసింది చదివాక గత ఏడాది కాగితాలు ముందేసుకుని వారాలు లెక్కపెట్టాను. మొత్తం ముప్పై ఆరు. అందులో మా చేతుల్లో పని నడిచింది పదిహేను వారాలే. రిలేలు (మోటారుకు కరెంటు కలిపి, తెంచే స్విచ్చులు) రావడానికి ఏడు, మౌల్డు దిద్దుబాట్లకు ఆరు, పరీక్షల ల్యాబ్‌లో వరుస కోసం ఐదు పోయాయి. మిగిలిన మూడు వారాలు నా బల్ల మీద ఆగినవి. బోర్డులో ఫోను సిగ్నల్ అందుకునే సిమ్ మాడ్యూల్ ఏది వాడాలో నేను తేల్చలేదు. రాత్రిళ్లు కూర్చోబెట్టి టీమ్‌ను అలసట పెట్టాను, ఆలస్యం ఉన్నది మాత్రం వేరేచోట.

ఈసారి మృగశిర నుంచి వెనక్కి లెక్కవేశాం. డిసెంబరు నెలాఖరుకు బోర్డు కొలతలు ఖాయం కావాలి. రిలేలు, మాడ్యూళ్లు ఇప్పుడే ఆర్డరు పెట్టాను. మాటతో మోటారు ఆన్ చేసే సౌకర్యం వదిలేశాం. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు లేకపోయినా మోటారు ఆగాలి, కరెంటు వచ్చాక కాసేపు ఆగి మొదలవ్వాలి. ముందు ఇవి పక్కాగా ఉంటే చాలు. ప్రతి పనికీ విడివిడిగా దాచుకున్న అదనపు రోజులన్నీ తీసి చివర్లో నాలుగు వారాలుగా ఒకేచోట పెట్టాం.

ఒక చిక్కు మిగిలింది. మా యజమాని డీలర్లకు అప్పుడే మే 15 అని మాట ఇచ్చేశారు. నన్ను అడగలేదు.

సరస్సుల_ఊరు:

కుదరదని మాత్రమే చెప్పకండి. ఆ ముప్పై ఆరు వారాల లెక్క ఆయన ముందు పెట్టండి. మే 15కి ఏ ఏ సౌకర్యాలతో ఎన్ని స్టార్టర్లు ఇవ్వగలరో, మే నెలాఖరుకు ఎన్నో రాసిచ్చి ఎంచుకోమనండి. నేను ఇలా చేసినప్పుడు మా పైఅధికారి తక్కువ సరుకుతో మొదటి తేదీనే ఎంచుకున్నారు.

అచ్చుపని:

ల్యాబ్‌లో పరీక్షకు మౌల్డు పెట్టె వచ్చేదాకా ఆగకండి. బోర్డు పరీక్షలు చాలావరకు చేత్తో చేసిన నమూనా పెట్టెలో జరపవచ్చేమో ల్యాబ్‌వాళ్లను ఇప్పుడే అడగండి. వాళ్లు సరేనంటే వరుసలో పేరు ఈ వారమే రాయించండి. మౌల్డు డ్రాయింగ్ కూడా సగం అయినా సరే పట్టుకురండి, గోడ మందం ఎక్కడ తప్పిందో ముందే చూసి చెబుతాను.